అతిథికి మన యింట చోటు కలదా?

మన పాఠశాల విడిచిన విద్యార్థులలో ననేకులు నేడు మాదాపురు ప్రాంతమున, హైటెక్ సిటీయందు, కంప్యూటరు కొలువులలో నున్నారు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు తెఱవబడిన నాడు ఆ ప్రాంతము చాలవఱకు రాళ్లగుట్టలు. నేడు అక్కడి యువకులు సముద్రములు దాటిపోవుట పొరుగూరికి పోవుటవలె నున్నది. వారు హోటలులో దిగి, కార్యాలయము చూచి, తిరిగివచ్చి ఆ దేశమును చూచితిమందురు. ఒక యింట తిని, పరుండి, లేచిననే గాని దేశమును చూచినట్లు కాదని మా యభిప్రాయము.

2025 నవంబరులో మా పూర్వవిద్యార్థి యొకడు కొలువు పనిమీద చీనాకు పోయెను. 2020 నుండి నిలిచియుండిన విమానములు 2025 అక్టోబరు 26వ తేదీన కలకత్తానుండి గ్వాంగ్‌జౌకు నేరుగా మరల బయలుదేఱుటచే అతనికి దారి సులభమయ్యెను. అతడు చేరిన షెన్‌జెన్ నగరము 1980లో ప్రత్యేక ఆర్థిక మండలమైనది. మన హైటెక్ సిటీకి పెద్దన్నవంటిది. పని ముగిసిన పిమ్మట అచ్చటి సహోద్యోగి యతనిని నాలుగు దినములు తన తల్లిదండ్రుల యింట నుంచుకొనెను.

ఆ దేశపు చట్టము ప్రకారము పరదేశి హోటలులో గాక వేఱుచోట బసచేసినచో, 24 గంటలలోగా అతడైనను ఇంటివారైనను పోలీసువారికి తెలుపవలెను. ఠాణా యనగానే మావాడు భయపడెనట. ఇంటి పెద్దాయన మాత్రము కాగితములు చంకబెట్టుకొని, అతనితోకూడ వరుసలో నిలిచెను. ఎంతమాత్రమును విసుగుకొనలేదు.

గుమ్మమునొద్ద చెప్పులు విడిచి, లోపల వేసికొనుటకు వేఱు చెప్పులిచ్చిరి. త్రాగుటకు వేడినీళ్లు పోసిరి. ఇంటి తల్లి తన పుల్లలతోనే కూరలు తీసి అతని గిన్నెలో వేయుచు, వలదన్నను విడువలేదట. మావాడు ఒకసారి తినుపుల్లలను అన్నములో నిలువుగా గ్రుచ్చియుంచగా, ఆమె మెల్లగా వానిని తీసి ప్రక్కన పరుండబెట్టెను. చనిపోయినవారి యెదుట వెలిగించి నిలుపు అగరువత్తులవలె నుండునని వారట్లు చేయరు. ఉత్తరదిక్కునకు తలపెట్టి పరుండిన చుట్టమును మన ముత్తవ్వలు మాటాడక త్రిప్పి పరుండబెట్టుదురు గదా! ఈ సంగతి యే కార్యాలయమున తెలియును? వీడు కొనిపోయిన కందిపొడిని ఆమె బియ్యపు గంజిలో కలుపుకొని త్రాగెనట. దానికి మాత్రము మేమేమియు చెప్పజాలము.

ఒకప్పుడు చీనావాడే మనకు అతిథి. ఏడవ శతాబ్దమున హ్యుయన్‌త్సాంగు ధాన్యకటకమునకు, అనగా నేటి అమరావతి ప్రాంతమునకు వచ్చి, కొన్ని మాసములు నిలిచి, సుభూతి, సూర్యుడు అను నిరువురు భిక్షువులయొద్ద అభిధర్మ గ్రంథములు చదివెను; వారును అతనియొద్ద మహాయాన శాస్త్రములు నేర్చిరి. ఆంధ్రుల భాష మధ్యదేశపు భాషకంటె వేఱనియు, లిపి మాత్రము చాలవఱకు దానిని పోలియుండుననియు అతడు వ్రాసిపెట్టెను. దారిని పోవువానికి ఇట్టి సంగతులు తెలియవు.

ఇక మా సంగతి. 2025 జూలైలో మన ప్రభుత్వము చీనావారికి పర్యాటక వీసాలు మరల నిచ్చుట మొదలుపెట్టెను. 2026 జనవరిలో ఆ సహోద్యోగి హైదరాబాదు చూడవచ్చెను. మావాడు మఱి ముగ్గురితో ఒక అద్దె యింట నుండువాడు. ఇంటి యజమాని యొప్పుకొనలేదు. ఒకరు మాంసపు వాసన యనిరి; మఱియొకరు చీనా పేరు వినగానే తలుపు వేసిరి. తుదకు మాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, మీ ముందుగది ఖాళీగా నున్నది గదా" అని యడిగెను. మేము పరీక్ష కాగితములు దిద్దవలసియున్న దనియు, ఫారము తొందర యనియు చెప్పితిమి. మన దేశమునను పరదేశికి బస యిచ్చినవారు 24 గంటలలో తెలుపవలెను. అది యింట కూర్చుండి కంప్యూటరుమీద పంపదగిన ఫారము. పెద్దాయన ఠాణాలో వరుసలో నిలిచిన కథ మేమప్పటికే వినియుంటిమి.

అతిథి హోటలులో దిగెను. ఒక సాయంకాలము మా యింటికి వచ్చి, తల్లి పంపిన తేయాకు పొట్లమును రెండుచేతులతో మాకిచ్చెను. మేమతనికి కుర్చీ వేసి, జనవరి చలిలో పంకా త్రిప్పి, చల్లని నీళ్లిచ్చితిమి!

2020 జూన్‌లో గాల్వాను లోయలో మన సైనికులు ఇరువదిమంది ప్రాణములు విడిచిరి. దానిని మఱువుమని మేము చెప్పము. సరిహద్దు తగవులను తీర్చుట ప్రభుత్వముల పని. మావాని గిన్నెలో కూర వేసిన యా తల్లి ఏ సరిహద్దును గీయలేదు. మన పిల్లలకు వారి యింట చోటు కోరుచు, వారి పిల్లలకు హోటలు చూపుట న్యాయముగా మాకు తోచలేదు. తోచునప్పటికి ఆ యువకుడు వెళ్లిపోయెను.

ఈ వేసవిలో మావాడు మరల షెన్‌జెన్ పోవుచున్నాడు. అతనిచేత ఆ తల్లికి పోచంపల్లి దుప్పటి యొకటి పంపుచున్నాము. దానికి జోడు దుప్పటి మా ముందుగది మంచముమీద పఱచితిమనియు, మీ కుమారుడు మరల వచ్చునప్పుడు తిన్నగా మా యింటికే రావలెననియు వ్రాసి, చీనా భాషలోనికి మార్పించి, మడతలో నుంచితిమి.