ఎవరూ గీయని సర్క్యూట్

1990ల మధ్యలో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఏడ్రియన్ థాంప్సన్ ఒక చిప్‌కు చిన్న పని అప్పగించారు. 1 కిలోహెర్ట్జ్ సంకేతం వస్తే ఒక జవాబు, 10 కిలోహెర్ట్జ్ సంకేతం వస్తే మరో జవాబు ఇవ్వాలి. ఇంజినీరైతే క్లాక్ పెట్టి కాలాన్ని కొలుస్తాడు. థాంప్సన్ క్లాక్ ఇవ్వలేదు, సర్క్యూట్ బొమ్మా గీయలేదు.

ఆయన తీసుకున్నది లోపలి అమరికను ఎన్నిసార్లయినా మార్చుకోగల ఎఫ్‌పీజీఏ చిప్. అందులో ఒక మూల, పదికి పది చొప్పున వంద గళ్లు. వాటి అమరికను నిర్ణయించే 1,800 బిట్ల వరుసలు 50, ఏ లెక్కా లేకుండా పుట్టించారు. కంప్యూటర్ ఒక్కోదాన్నీ చిప్‌లోకి దించి, 5 సెకన్లు పరీక్షించి, మార్కులు వేసింది. మంచివాటిని జతకలిపి, అక్కడక్కడా ఒక బిట్ తిప్పి, తర్వాతి తరాన్ని తీసింది. రైతు మంచి కంకులు ఏరి విత్తనానికి దాచుకున్నట్టే. సుమారు 5,000 తరాలు, అంటే రెండు వారాలకు పైగా రాత్రింబవళ్లు సాగాక చిప్ రెండు సంకేతాలనూ తడుముకోకుండా వేరుచేసింది.

తీరా విప్పి చూస్తే, నిజంగా అవసరమైన గళ్లు మూడో వంతే. వాటిలో కొన్నింటి నుంచి జవాబు వచ్చే చోటికి దారే లేదు. అయినా వాటి విలువను మారకుండా బిగిస్తే పని చెడింది. అదే అమరికను అదే చిప్‌లో మరో మూలకు మారిస్తే తడబడింది. ప్రయోగశాలలో అది చవిచూసిన వేడి కంటే ఉష్ణోగ్రత బాగా పెరిగినా, తగ్గినా అంతే.

దీన్ని అద్భుతంగా చెప్పుకొంటుంటారు. నాకు మాత్రం ఇందులో కనిపించేది పరీక్ష పెట్టినవారి బాధ్యత. మరో మూలలో పనిచేయమని, ఎండలో పనిచేయమని ఆ చిప్‌ను ఎవరూ అడగలేదు. 2002లో ప్రచురితమైన మరో ప్రయోగంలో ససెక్స్ పరిశోధకులే డోలనాలు పుట్టించే ఆసిలేటర్ కోసం ఇలా ప్రయత్నిస్తే, వచ్చిన ఒక సర్క్యూట్ తానుగా డోలనాలు పుట్టించలేదు. రేడియోలా మారి, పక్కనున్న కంప్యూటర్ వెదజల్లే తరంగాలను అందుకుని వాటినే బయటికి పంపింది. మార్కులు పడ్డాయి, పని జరగలేదు.

ఇలాంటి హార్డ్‌వేర్‌ను మనిషి ప్రాణం ఆధారపడే చోట పెట్టాలంటే, ఎంత బాగా పనిచేస్తోందన్న దానికన్నా ఎక్కడెక్కడ పరీక్షించారన్నదే ముందు అడగాలి. కొత్త వరి రకాన్ని ఒక్క మడిలో పండించి విడుదల చేయరు కదా. మినీకిట్లు ఇచ్చి నల్లరేగడిలో, ఎర్రనేలలో, వేర్వేరు జిల్లాల్లో పండించి చూస్తారు. థాంప్సనూ తర్వాత ఆ దారే పట్టారు. ప్రతి తరాన్నీ వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంచిన పలు చిప్‌ల మీద నడిపి, అన్నిటా నిలబడ్డవాటికే మంచి మార్కులు వేశారు.