తిప్పి పంపడమూ విద్యాసేవయే

విద్వత్పత్రికకు సంపాదకత్వం వహించడమంటే అచ్చుతప్పులు దిద్దడమేనని చాలామంది భావిస్తారు. కొన్ని సంవత్సరాలుగా ఆ బాధ్యతలో పాలుపంచుకొంటున్న మాకు, అందులో కష్టతరమైన పని వ్యాసాన్ని సకారణంగా తిప్పి పంపడమని తోస్తున్నది.

1936లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, నేథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు లేవని వాదిస్తూ అమెరికాలోని ‘ఫిజికల్ రివ్యూ’ పత్రికకు వ్యాసం పంపారు. సంపాదకుడు జాన్ టేట్ ఆ మహానామానికి తలవంచి వెంటనే అచ్చువేయలేదు; మరొక విద్వాంసుని పరిశీలనకు పంపాడు. ఆ పరిశీలకుడు దోషాలను చూపుతూ పది పుటల అభిప్రాయం వ్రాశాడు. ఐన్‌స్టీన్ ఆగ్రహించి వ్యాసాన్ని ఉపసంహరించుకొన్నాడు. అయితే 1937లో అది వేరొక పత్రికలో వెలువడేనాటికి దాని నిర్ణయమే మారిపోయింది. ఆ తరంగాల ఉనికి 2015లో ప్రత్యక్షంగా రుజువైంది. టేట్ చూపిన కాఠిన్యం అవమానం కాదు. అది ఆ మహనీయుని కీర్తికి రక్షణ అయింది.

మన వద్దకు వచ్చే వ్యాసాల వెంట సిఫారసులు కూడ వస్తాయి. “పదోన్నతికి ఇది అత్యవసరం” అని ఒకరు, “ఈ నెలలోనే రావాలి” అని మరొకరు అంటారు. వారి ఇబ్బంది మాకు తెలియనిది కాదు. కాని నిరాధారమైన వ్యాసాన్ని అచ్చువేస్తే, రేపు దానిని ప్రమాణంగా స్వీకరించే విద్యార్థిని మోసగించినవారమవుతాము. రుసుము పుచ్చుకొని వారంలో అచ్చువేసే పత్రికలు చేస్తున్నది ఇదే.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో వెలువరించిన ఆమోదిత పత్రికల జాబితాను 2025లో నిలిపివేసింది. ఇక మంచిచెడ్డల నిర్ణయం విద్యాసంస్థలదే. కనుక కళాశాల సంఘం వారికి మా విన్నపం ఇది: మన పరిశోధన పత్రికకు వచ్చే ప్రతి వ్యాసాన్నీ రచయిత పేరు తొలగించి బయటి విద్వాంసులు ఇద్దరికి పంపాలి. ఉర్దూ వ్యాసం ఉర్దూ పండితునికి, తెలుగు వ్యాసం తెలుగు పండితునికి చేరాలి. వారి అభిప్రాయం గడువులోగా, మర్యాదగల భాషలో రచయితకు అందాలి. సంఘసభ్యులు సిఫారసు చేసిన వ్యాసానికీ ఇదే మార్గం వర్తించాలి.

విద్యార్థి మిత్రులారా! మీ వ్యాసం తిరిగివస్తే చిన్నబుచ్చుకోకండి. దానితో వచ్చిన కారణాలను శ్రద్ధగా చదవండి. మీ రచనను ఒక విద్వాంసుడు ఆసాంతం చదివి, దోషం ఎక్కడున్నదో వ్రాసి చూపడం సామాన్యమైన ఉపకారం కాదు.