మందు తగ్గిస్తే తుపాకి ఎందుకు మొరాయిస్తది?

ఈ వారం ప్రశ్న ఆత్మకూర్ నుంచి. ఆ పేరుతో సూర్యాపేట దిక్కు ఒకటి, యాదాద్రి భువనగిరి దిక్కు ఒకటి ఉన్నయి గానీ, ఇది జూరాల దగ్గరి ఆత్మకూర్. పోలీసు ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్న తమ్ముడు ఇట్ల రాసిండు:

"అన్నా, అమెరికాలో ఒకాయన ఇంట్లోనే తూటాల్లో మందు తగ్గించి నింపుకునే వీడియో చూసిన. భుజానికి దెబ్బ తక్కువ, చప్పుడు తక్కువ అన్నడు. కానీ ఒక్కో రౌండు కాల్చంగనే రైఫిల్ ఇరుక్కుంటున్నది, చేత్తో లాగుతున్నడు. మందు తగ్గితే గుండు మెల్లగ పోవాలె. తుపాకి ఎందుకు ఆగాలె?"

మంచి ప్రశ్న. (మందు అంటే తుపాకి మందే. శనివారం రాత్రి మందు గురించి వేరే కాలమ్ రాసుకుందాం.)

ముందు ఒక మాట తేల్చుకుందాం. తూటా అంటే మొత్తం సెట్టు: ఇత్తడి తొడుగు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. గాల్లో ఎగిరిపోయేది గుండు ఒక్కటే.

మన తాతల కాలంలో బర్మారు తుపాకి ఉండేది. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ ఊళ్లలో సాయుధ పోరాటం నడిచినప్పుడు, వడిసెలలు, కర్రల తర్వాత జనం చేతికి వచ్చినవాటిల్లో ఇవీ ఉన్నయి. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, పుల్లతో దట్టించి కాల్చాలె. మళ్లీ కాల్చాలంటే మళ్లీ మొదటి నుంచి. అందులో మందు కొంచెం తగ్గితే గుండు దగ్గరలోనే పడుతది. తుపాకికి వచ్చే నష్టం ఏమీ లేదు, ఎందుకంటే ఆ మందుకు ఉన్న పని ఒక్కటే, గుండును తోయడం. మిగతా పనంతా మనిషిది.

సెమీ ఆటోమేటిక్‌లో ఆ మిగతా పనిని కూడా తూటా నెత్తినే పెట్టిన్రు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ట్రిగ్గర్ నొక్కినంక గుండు గొట్టంలో పరుగెడుతుంటే, వెనకాల ఉన్న వేడి గ్యాసులో కొంత ఒక చిన్న రంధ్రంలోంచి పక్కకు పోయి పిస్టన్‌ను కొడుతది. పిస్టన్ బోల్టును వెనక్కి నెడుతది. బోల్టు ఖాళీ తొడుగును పీకి బయట పడేసి, స్ప్రింగును నొక్కి, తిరిగి ముందుకొస్తూ మ్యాగజైన్ లోంచి కొత్త తూటాను తోసుకపోతది. కన్ను మూసి తెరిచేలోపు ఇంత పని అయిపోతది. దీనికి కరెంటు లేదు, మోటరు లేదు. మొత్తం శక్తి పేలిన ఆ ఒక్క తూటాదే.

ఇప్పుడు మందు తగ్గించినవ్ అనుకో. లో వోల్టేజీలో బోరు మోటరు ఏం చేస్తది? హమ్‌మని మూలుగుతది గానీ నీళ్లు ఎత్తది. ఇదీ అంతే. బోల్టు సగం దాకా పోయి ఆగుతది. పాత తొడుగు బయట పడదు, లేదా బయట పడుతూ నడుమ చిక్కుకుంటది. వీడియో ఆయన చేత్తో లాగుతున్నది అందుకే.

రేపు నీకు ఉద్యోగం వస్తే ట్రెయినింగులో ఎస్‌ఎల్‌ఆర్ చూస్తవ్ చూడు, 7.62 ది. దాని గొట్టం మీద గ్యాస్ రెగ్యులేటర్ అని ఒకటుంటది. దుమ్ముకో మురికికో తుపాకి బద్ధకిస్తే, పిస్టన్‌కు ఎంత గ్యాసు పోవాలో దాంతో సర్దుతరు. తయారు చేసినోళ్లకు ఈ బాధ ముందే తెలుసన్నట్టు. కానీ అది కంపెనీ తూటాల కోసం పెట్టిన సర్దుబాటు. ఇంట్లో తోచినట్టు నింపిన తూటాకు అది మందు కాదు (ఈసారి వేరే మందు).

ఇరుక్కుంటే లాగొచ్చు కదా అంటవేమో. భయపడాల్సింది ఇరుక్కునే బోల్టు గురించి కాదు, ఇరుక్కునే గుండు గురించి. మందు మరీ తక్కువైతే గుండు గొట్టం దాటదు, నడుమ ఆగుతది. బయటికి చూస్తే ఏమీ తెల్వదు, 'టప్' అని చిన్న చప్పుడు, అంతే. మిస్ ఫైర్ అనుకొని ఇంకోటి కాలిస్తే గొట్టం చీలుతది, మొహం దగ్గరనే.

బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ చనిపోయింది ఇసొంటి దానివల్లనే. 1993 మార్చి 31, అమెరికాలో 'ది క్రో' సినిమా షూటింగు. అంతకుముందు ఒక క్లోజప్ షాట్‌కు తూటాలు నిజంగా కనబడాలె. అసలు తూటాలు తెచ్చి, గుండు పీకి, మందు పారబోసి, గుండు మళ్లీ బిగించిన్రు. అడుగున ప్రైమర్‌ను మాత్రం అట్లనే వదిలేసిన్రు. ఎప్పుడో ఎవరో ట్రిగ్గర్ నొక్కితే, ఆ ప్రైమర్ నిప్పు ఒక్కటే గుండును గొట్టంలోకి తోసింది. అది అక్కడనే ఉండిపోయింది, ఎవరూ చూడలే. తర్వాత అదే రివాల్వర్‌లో గుండు లేని ఉత్త బ్లాంకులు పెట్టి బ్రాండన్ మీదికి కాల్చిన్రు. బ్లాంక్‌లో మందు ఉంటది. ఇరుక్కున్న గుండు బయటికొచ్చింది. ఆయనకప్పుడు 28 ఏళ్లు. అది రివాల్వరే, సెమీ ఆటోమేటిక్ కూడా కాదు. అయినా "మందు తీసేసినం, ఇంకేం అయితది" అన్న ధైర్యమే ప్రాణం తీసింది.

మరి తక్కువ పవరు తూటాతో సెమీ ఆటోమేటిక్ నడవనే నడవదా అంటే, బ్రహ్మాండంగా నడుస్తది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌ను చూడు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత వెండి, టీమ్ బంగారం తెచ్చింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు పోయింది. ఆ ఈవెంటులో వాడే పాయింట్ టూ టూ పిస్టల్ సెమీ ఆటోమేటిక్కే. ఎస్‌ఎల్‌ఆర్ గుండు శక్తి 3,000 జౌళ్లు దాటితే, పాయింట్ టూ టూది 140 జౌళ్ల చుట్టుపక్కల. పోటీ తూటా వేగం ధ్వని వేగం కంటే, అంటే సెకనుకు 340 మీటర్ల కంటే, కొంచెం తక్కువే ఉండేటట్టు చేస్తరు. ధ్వని వేగం దాటి మళ్లీ కిందికి దిగేటప్పుడు గుండు కుదుపుకు లోనై గురి చెడుతదని. కానీ ఆ తూటా బలానికి తగ్గట్టే పిస్టల్‌లో కదిలే భాగం బరువు, స్ప్రింగు లెక్కగట్టి పెడుతరు. అక్కడ తూటాకు తగ్గట్టు తుపాకిని తయారు చేసిన్రు. వీడియో ఆయన తూటాను ఒక్కదాన్నే మార్చి, తుపాకిని పాతదాన్నే ఉంచిండు.

ఇక నువ్వు అడగలేదు గానీ చెప్పాలె. అమెరికాలో ఇంట్లో తూటాలు నింపుకోవడం చాలామందికి హాబీ. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా. అడవి పందుల కోసం నాటు తుపాకిలో మందు దట్టించే మామలు ఊరికి ఒకరిద్దరు ఉంటరు, వాళ్లకూ ఇదే చట్టం. కేసు పడ్డదంటే కానిస్టేబుల్ ఉద్యోగానికి వెరిఫికేషన్‌లోనే బ్రేకు.

షూటింగ్ మీద నిజంగా మోజు ఉంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టు. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం కొట్టింది దాంతోనే. అందులో మందే ఉండదు, ఉత్త గాలి. గచ్చిబౌలిలో రేంజ్ ఉంది. ఆత్మకూర్ నుంచి బస్సుకు పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికల్లా అక్కడుంటవ్.