కొట్టే మందు సంగతి అడగరేం?

మా చిన్నాన్న కూతురు ఐవీఎఫ్ కోసం నాయుడుపేట నుంచి చెన్నైకి రెండు విడతలు తిరిగింది. రెండుసార్లూ నిలవలేదు. కుదవపెట్టిన నగలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ఊళ్ళోవాళ్ళ ప్రశ్నలు మాత్రం దానికే: "బరువు తగ్గావా? పెళ్ళి ఆలస్యంగా చేసుకున్నావేం?"

మొన్న వాళ్ళింటికి వెళ్తే మా మరిది వరికి పురుగుమందు కొట్టి అదే చొక్కాతో మంచం మీద కూర్చున్నాడు. చేతులకి తొడుగుల్లేవు. ఆ చొక్కా ఉతికేది మా చెల్లెలే. "ఆసుపత్రిలో నిన్నేం అడిగారయ్యా?" అన్నాను. "సిగరెట్టు, మందు అలవాటుందా అన్నారు వదినా" అన్నాడు. తాగే మందు గురించి అడిగారు. కొట్టే మందు ఊసే లేదు!

1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే కార్మికులకి పరీక్షలు చేస్తే చాలామందికి వీర్యకణాలు బాగా తక్కువగానో, అసలు లేకుండానో ఉన్నాయి. పిల్లలు పుట్టడం లేదని ముందు అనుమానపడింది ఆ కార్మికులే.

మరి ఆడవాళ్ళ సంగతి? బోస్టన్‌లో సంతాన చికిత్సకి వచ్చిన 325 మందిపై చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. మందుల అవశేషాలు ఎక్కువుండే కూరగాయలు, పళ్ళు బాగా తిన్నవాళ్ళకి, తక్కువ తిన్నవాళ్ళకంటే బిడ్డ పుట్టే అవకాశం 26 శాతం తక్కువగా కనిపించింది. ప్లాస్టిక్‌ని మెత్తబరిచే థాలేట్లు ఒంట్లో ఎక్కువున్నవాళ్ళకి అండాలు తక్కువ వచ్చాయని అక్కడే ఇంకో పరిశీలన. ఐవీఎఫ్ అంటేనే సూదులతో హార్మోన్లని లెక్కగా నడిపించడం. ఆ హార్మోన్ల పనికే అడ్డొచ్చే రసాయనాలివి. ఇవే కారణమని తేలిపోలేదు, నిజమే. కానీ అడగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

2015లో పాలసీసాల్లో బిస్ఫినాల్-ఏ ఉండకూడదని మన ప్రమాణాల సంస్థ చెప్పింది. పుట్టిన బిడ్డ సీసా గురించి ఆలోచించాం. ఆ బిడ్డని కనాల్సిన ఇద్దరి గురించి ఆలోచించమా?

ఇది చదివి ఏ అత్తగారైనా "ప్లాస్టిక్ డబ్బాలో తిన్నావు, అందుకే" అని కోడలి మీద పడితే నేనొప్పుకోను. మనకి నిందలు చాలినన్ని ఉన్నాయి. నేననేది ఇదీ: మొదటిరోజే ఇద్దర్నీ కూర్చోబెట్టి ఏం పని చేస్తారు, ఏం కొడతారు, ఏం తింటారు అని డాక్టర్లు అడగాలి. వాళ్ళు అడక్కపోతే మనమే చెప్పాలి. మందు కొట్టేటప్పుడు ఆయన తొడుగులు వేసుకోవాలి. ఇంట్లోకి రాకముందే స్నానం చేసి, ఆ చొక్కా విడిగా తనే ఉతుక్కోవాలి. హోటల్ నుంచి వేడి సాంబారు తెచ్చేది ఆయనేగా, స్టీలు క్యారియర్ పట్టుకెళ్ళాలి.

సూదులు పొడిపించుకునేది మా చెల్లెలు. ఈపాటి ఆయన చెయ్యలేడా?