చవక దేశం ఎవరికి చవక?

విదేశీయులకు పద్నాలుగేళ్లుగా ఇస్తున్న పన్ను రాయితీని మరుసటి ఏడాది నుంచి ఎత్తేస్తామని 2023 అక్టోబర్ 2న అప్పటి పోర్చుగల్ ప్రధాని ఆంటోనియో కోస్టా ప్రకటించారు. దాన్ని ఇంకా కొనసాగిస్తే పన్నుల్లో అన్యాయాన్ని పొడిగించినట్టేనని, ఇళ్ల ధరలను ఎగదోయడంలో దాని పాత్రా ఉందన్నది ఆయన చెప్పిన కారణం. ఆ రాయితీ చూసి కాపురం మార్చినవారిలో ఉత్తర ఐరోపా పింఛనుదారులు చాలామంది. యాభై ఏళ్లకే ఉద్యోగం మానేసి, చేతిలో ఉన్న డబ్బు ఎక్కువ కాలం వచ్చే దేశంలో స్థిరపడాలని లెక్కలు వేసుకుంటున్న లక్షలాది మందికి ఆ ప్రకటన ఒక హెచ్చరిక. డాలర్లు కూడబెట్టుకుని హైదరాబాదో విశాఖో చేరాలనుకుంటున్న మన ప్రవాసులకు కూడా.

ఒక దేశం చవక అంటున్నామంటే, అక్కడివాళ్ల జీతాలు మన జీతాల కంటే తక్కువని అర్థం. కూరగాయల ధర, ఇంటి అద్దె, పనిమనిషి జీతం, డాక్టరు ఫీజు అన్నీ అక్కడివాళ్ల సంపాదనకు తగ్గట్టు ఏర్పడినవే. బయటి సంపాదనతో వెళ్లేవాడికి కలిసొచ్చేది ఆ తేడాయే. అయితే ఆ తేడా అతని చేతిలో ఉండేది కాదు. మారకం రేటు మారితే తగ్గుతుంది, చట్టం మారితే తగ్గుతుంది, అతనిలాంటివాళ్లు ఎక్కువమంది వస్తే వాళ్ల రాకతోనే తగ్గుతుంది. నలభై ఏళ్ల జీవితాన్ని దాని మీద నిలబెట్టబోయేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

పోర్చుగల్ విషయమే చూద్దాం. 2009లో తెచ్చిన పన్ను పథకం కింద, కొత్తగా వచ్చి స్థిరపడినవారి విదేశీ పింఛను మీద పదేళ్ల పాటు దాదాపుగా పన్ను ఉండేది కాదు. 2011లో దేశం అప్పుల్లో కూరుకుపోయి ఐరోపా సంఘం, ఐఎంఎఫ్‌ల దగ్గర 7,800 కోట్ల యూరోల సాయం తీసుకుంది. మరుసటి ఏడాది అద్దె చట్టాన్ని సడలించారు. పాత కిరాయిదార్లకున్న రక్షణ పలచబడింది. ఇల్లు కొన్న విదేశీయులకు నివాస హక్కు ఇచ్చే గోల్డెన్ వీసా కూడా ఆ ఏడాదే వచ్చింది. దివాలా అంచున ఉన్న ప్రభుత్వానికి విదేశీ డబ్బు అత్యవసరం కాబట్టి తలుపులు బార్లా తెరిచింది. కానీ 2013, 2014లలో పనికోసం ఏటా లక్ష మందికి పైగా పోర్చుగీసులు దేశం విడిచి వెళ్లారు. యువత బతుకుతెరువు వెతుక్కుంటూ బయటికి పోతుంటే, వేరే దేశంలో సంపాదన ముగించుకున్నవారు లోపలికి వచ్చారు.

సొంత రాబడితో వచ్చేవారికి పోర్చుగల్ ఇచ్చే డీ7 వీసాకు కావలసిన కనీస ఆదాయం, ఆ దేశపు కనీస వేతనంతో సమానం. 2025లో అది నెలకు 870 యూరోలు. హోటల్లో గిన్నెలు కడిగే మనిషి నెలంతా కష్టపడితే వచ్చేదీ అంతే. వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇద్దరూ లిస్బన్‌లో ఒకే ఫ్లాటు అద్దెకు అడిగితే యజమాని ఎవరికిస్తాడో చెప్పనక్కర్లేదు. ఒక పడగ్గది ఇంటికి వెయ్యి యూరోలు దాటి అడగడం అక్కడ మామూలైపోయింది. అంటే కనీస వేతనం మొత్తం అద్దెకు పోసినా చాలదు. 2023లో ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి వేలమంది వీధుల్లోకి వచ్చి బతకడానికి ఇల్లు కావాలని నినదించారు.

ఈ తప్పంతా పింఛనుదారులదేనంటే అన్యాయం. పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాట్లు పెరిగాయి, సడలిన అద్దె చట్టం ఉంది, ప్రభుత్వ గృహాలు మొత్తం ఇళ్లలో దాదాపు రెండు శాతమే. ఇవన్నీ కలిసిన ఫలితం అది. కానీ స్థానిక గుమాస్తా తన జీతం మీద పన్ను కడుతుంటే, అతనికంటే ఎక్కువ రాబడి ఉన్న పక్కింటాయన ఏమీ కట్టకపోవడాన్ని ఏ సమాజమూ ఎక్కువ కాలం భరించదు. ఆ పింఛనుదారుల సొంత దేశాలూ భరించలేదు. తన దేశం నుంచి వెళ్లే పింఛను మీద ఎక్కడా పన్ను పడటం లేదని గ్రహించిన ఫిన్లాండ్, పోర్చుగల్‌తో ఉన్న పన్ను ఒప్పందాన్ని 2019 నుంచి రద్దు చేసుకుంది. స్వీడన్ 2022 నుంచి అదే దారి పట్టింది. మధ్యలో 2020లో పోర్చుగల్ కొత్తగా వచ్చేవారి విదేశీ పింఛను మీద పది శాతం పన్ను వేసింది. 2024 నుంచి ఆ పథకాన్నే మూసేసి, దాని స్థానంలో పరిశోధకులు, నిపుణులకు మాత్రమే రాయితీ ఉంచింది. పింఛనుదారులకు అందులో చోటు లేదు.

ఇప్పుడు వెళ్లేవాడి వైపు నుంచి చూద్దాం. ముందస్తు రిటైర్మెంట్ పుస్తకాల్లో చాలావాటికి ఆధారం నాలుగు శాతం సూత్రం. కూడబెట్టినదాంట్లో మొదటి ఏడాది నాలుగు శాతం తీసుకుని, తర్వాత ధరల పెరుగుదలను బట్టి పెంచుకుంటూ పోతే సొమ్ము అయిపోదన్నది దాని సారాంశం. 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు వేసిన లెక్క ఇది. ఏడాదికి 40 వేల డాలర్లు ఖర్చయ్యే చోట పది లక్షల డాలర్లుండాలి. 20 వేలతో గడిచే చోట ఐదు లక్షలు చాలు. ఏటా 50 వేలు దాచగలిగేవాడికి, వడ్డీ మాట పక్కనబెడితే, పదేళ్ల చాకిరీ తప్పుతుంది. ఈ ఆకర్షణను తేలిగ్గా తీసిపారేయలేం.

అయితే బెంగెన్ చూసింది ముప్ఫై ఏళ్ల కాలాన్ని. యాభై ఏళ్లకు మానేసినవాడు నలభై, నలభై ఐదేళ్లు బతకవచ్చు. ఆ లెక్కలోని షేర్లు, బాండ్లు అమెరికావి, ధరలు అమెరికావి, ఖర్చు డాలర్లలో. వేరే దేశానికి వెళ్లినవాడి ఆస్తి డాలర్లలో, ఖర్చు ఆ దేశపు డబ్బులో. ఐదు లక్షల డాలర్లతో వెళ్లినవాడికి అద్దె నెలకు 600 నుంచి 1,200 డాలర్లకు పెరిగితే ఏడాది ఖర్చు 27,200 అవుతుంది. నాలుగు శాతం కాస్తా దాదాపు ఐదున్నరకు చేరుతుంది. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయన్న మాట ఇలాంటి చోటే నిజమవుతుంది.

రాబడి ఒక దేశపు డబ్బులో, ఖర్చు మరో దేశపు డబ్బులో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి థాయిలాండ్‌లో బ్రిటిష్ పింఛనుదారులకు జరిగింది ఉదాహరణ. అక్కడ రిటైర్మెంట్ కింద ఉండాలంటే యాభై ఏళ్లు నిండాలి. నెలకు 65 వేల బాత్‌ల రాబడి గాని, థాయ్ బ్యాంకులో ఎనిమిది లక్షల బాత్‌లు గాని చూపాలి. 2007లో పౌండుకు 65 బాత్‌లకు పైగా వచ్చేవి. వెయ్యి పౌండ్ల రాబడితో షరతు తీరేది, జీవితం దర్జాగా సాగేది. 2019 చివరికి పౌండు 40 బాత్‌ల కిందికి దిగింది. అదే వెయ్యి పౌండ్లకు నలభై వేలు కూడా రాలేదు. ఆ మనిషి దుబారా చేయలేదు, నష్టపోయే పెట్టుబడీ పెట్టలేదు. అయినా నెలకు పాతిక వేల బాత్‌ల లోటు వచ్చిపడింది. పైగా థాయిలాండ్‌లో ఉండే తన పౌరులకు బ్రిటన్ ప్రభుత్వ పింఛనును ఏటా పెంచదు. వెళ్లిననాటి మొత్తం దగ్గరే ఆపేస్తుంది. 2024 నుంచి థాయిలాండ్, ఏడాదిలో 180 రోజులు ఉన్నవారు బయటి నుంచి తెచ్చుకునే ఆదాయం మీద పన్ను నిబంధనలనూ బిగించింది. మలేషియా అయితే తన ‘రెండో ఇల్లు’ వీసాకు చూపాల్సిన నెల రాబడిని 2021లో పది వేల రింగిట్‌ల నుంచి ఏకంగా నలభై వేలకు పెంచింది.

ఆరోగ్యం మరో పెద్ద సమస్య. అమెరికాలో 65 దాటినవారికి అండగా ఉండే మెడికేర్, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, దేశం బయట పనిచేయదు. పోర్చుగల్ ప్రభుత్వ వైద్యం అక్కడి నివాసులందరికీ ఉన్నా, ఫ్యామిలీ డాక్టరు దొరకని వాళ్లే పదిహేను లక్షలకు పైగా ఉన్నారు. యాభై ఏళ్లప్పుడు కనిపించని ఈ ఖర్చు డెబ్భై ఐదేళ్లకు మిగతా ఖర్చులన్నిటినీ మించిపోవచ్చు. అప్పటికి స్వదేశానికి తిరిగి వెళ్లాలన్నా అక్కడి ధరలు అందనంత ఎత్తులో ఉండవచ్చు.

ఇక మన సంగతి. అమెరికాలో ఉండే తెలుగువారికి చవక దేశమంటే సొంత దేశమే. ‘ఆర్‌టుఐ’ (రిటర్న్ టు ఇండియా) పేరుతో డల్లాస్‌లో, న్యూజెర్సీలో వారాంతపు విందుల్లో సాగే చర్చ ఇదే. భాష తెలుసు, బంధువులున్నారు, వీసా బెంగ లేదు. లెక్కలు మాత్రం ఇక్కడా గట్టివే. అమెరికాలో ఉద్యోగులు రిటైర్మెంట్ కోసం దాచుకునే 401కె ఖాతాలోని సొమ్మును యాభై తొమ్మిదిన్నర ఏళ్లు రాకముందే తీస్తే సాధారణంగా పన్నుతోపాటు పది శాతం జరిమానా పడుతుంది. తిరిగొచ్చిన రెండు మూడేళ్లు విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను ఉండదు. ఆ గడువు దాటాక ఉంటుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుతో ఫ్లాటు కొనవచ్చు గాని, వ్యవసాయ భూమి కొనలేరు. పొలం మధ్య ఇల్లు కట్టుకోవాలన్న కోరిక చాలామందికి అక్కడే ఆగిపోతుంది.

2007 చివర్లో 40 రూపాయల దిగువన ఉన్న డాలరు 2025లో 85 దాటింది. అందుకే థాయిలాండ్‌లోని బ్రిటిషర్లకు పట్టిన గతి మనవాళ్లకు పట్టలేదు. కానీ అదే కాలంలో ఇక్కడి ధరలు రెట్టింపుకు మించి పెరిగాయి. రూపాయి పడిపోవడం వల్ల వచ్చిన లాభాన్ని ధరలు మింగేశాయి. 2023 ఆగస్టులో హైదరాబాద్‌ కోకాపేట భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. దానికి ప్రవాసుల డబ్బే కారణమనలేం. ఐటీ జీతాలున్నాయి, స్థలాల మీద పందెం వేసే పెట్టుబడులున్నాయి. అయినా ఆ చుట్టుపక్కల పనిచేసే నర్సు, బడి పంతులు, సెక్యూరిటీ గార్డు పనిచేసే చోటికి దగ్గర్లో ఇల్లు దొరక్క గంటల తరబడి ప్రయాణించాల్సి వస్తున్నప్పుడు, లిస్బన్ గుమాస్తా కష్టం మనకు పరాయిది కాదు.

కాబట్టి ప్రభుత్వాలు ముందుగా చేయాల్సింది, బయటి నుంచి వచ్చే రాబడికి, స్థానికుల సంపాదనకు ఒకే పన్ను న్యాయం పాటించడం. అలా వచ్చిన సొమ్మును ఇళ్ల నిర్మాణానికి, ఆసుపత్రులకు మళ్లించాలి. అప్పుడు వచ్చేవాడు భారం కాడు, ఆసరా అవుతాడు. మన ప్రభుత్వం తేల్చాల్సిన విషయం మరొకటుంది. భారత్‌కు పోర్చుగల్, జర్మనీ, జపాన్ సహా ఇరవై దాకా దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి, అమెరికాతో లేదు. అక్కడ సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టడం మొదలుపెట్టి పదేళ్లు నిండకముందే తిరిగొచ్చే హెచ్1బీ వీసా ఉద్యోగికి పింఛను అర్హత దక్కదు, జీతంలోంచి కోసుకున్నదంతా అక్కడే ఉండిపోతుంది. అమెరికాతో వాణిజ్య చర్చల్లో సుంకాల మీద పెట్టే పట్టుదలను దీని మీదా పెట్టాలి.

ముందుగా రిటైర్ కావాలనుకోవడంలో తప్పు లేదు. పాతికేళ్లు చాకిరీ చేసినవారికి తమ కాలం తమదనే హక్కుంది. వెళ్లేవారు ఈనాటి అద్దెకు రెట్టింపు వేసుకుని లెక్క చూసుకోవాలి, వైద్యానికి వేరే నిధి ఉంచుకోవాలి, ఏటా ఒక నిబంధన మారుతుందనే అనుకోవాలి. అక్కడి భాష నేర్చుకుని, అక్కడివారితో సమానంగా పన్ను కట్టాలి. రాయితీ తీసేసినా, ధరలు పెరిగినా ఇక్కడే ఉంటాననుకోగలిగిన ఊరినే ఎంచుకోవాలి. అలా అనుకోలేనివారు ఇంకో అయిదేళ్లు ఉద్యోగంలో ఉండటమే వాళ్లకూ, ఆ ఊరికీ మేలు.