లెక్క అడిగితే అనుమానించినట్టా?

అపార్ట్‌మెంటు జీవితం ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలకే పరిమితం కాదు. తెనాలిలో, ఖమ్మంలో, భీమవరంలో కూడా అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. తలుపు వేసుకుంటే ఎవరిల్లు వారిదే. కాని మెట్లు, లిఫ్టు, బోరు, సంపు, జనరేటరు, డాబా, సెల్లారు అందరివీ. ఆ అందరి సొత్తునూ చూసుకోవడానికే ఓనర్స్ అసోసియేషన్. దానికో ప్రెసిడెంటు, ఒక సెక్రటరీ, ఒక ట్రెజరరు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుంది. అలా పోకుండా ఉండాలంటే ఆ ముగ్గురినీ ఎలా ఎన్నుకుంటున్నామన్నది ముఖ్యం. చాలా చోట్ల జరిగేదేమిటి? ఆదివారం పొద్దున సెల్లారులో నాలుగు కుర్చీలు వేస్తారు. టీలు వస్తాయి. "పాత కమిటీయే ఉంటే సరిపోతుంది కదండీ" అంటారొకరు. "అలాగే కానివ్వండి" అంటారు ఇంకొకరు. పది నిమిషాల్లో 'ఏకగ్రీవం' అయిపోతుంది. ఆ సంగతి సగం ఇళ్లకు మర్నాడు వాచ్‌మన్ చెబితే తెలుస్తుంది!

ఏకగ్రీవం చెడ్డదని కాదు. ముందుగా నోటీసు ఇచ్చి, నామినేషన్లు అడిగి, ఎవరూ పోటీకి రాకపోతే అది నిజమైన ఏకగ్రీవం. ఎవరినీ అడగకుండా తేల్చేసేది ఏకగ్రీవం కాదు, ఏకపక్షం.

ఇందులో డబ్బు కూడా తక్కువేం కాదు. యాభై ఫ్లాట్లున్న చోట నెలకు 3 వేలు చొప్పున కడితే ఏడాదికి 18 లక్షలు. దానికి తోడు బిల్డరు అప్పగించిన కార్పస్ ఫండు ఉంటుంది. రంగులు వేయించడం, లిఫ్టు మరమ్మతు, కొత్త బోరు అంటూ అప్పుడప్పుడూ అదనపు వసూళ్లు. ఇంట్లో పాలవాడి లెక్క, చాకలి పద్దు రోజూ రాసుకునే మనం, ఇంత సొమ్ముకు రసీదులెక్కడ అని ఎందుకు అడగం?

అడగకపోవడానికి ఒక్కటే కారణం. అడిగిన మరుక్షణం వచ్చే మాట: "ఏమండీ, మా మీద నమ్మకం లేదా?" ఆ ఒక్క మాటతో నోరు మూతపడుతుంది. రేపు లిఫ్టులో ఎదురుపడాల్సిన వాళ్లు, పండక్కి పసుపు కుంకాలు ఇచ్చి పుచ్చుకునే వాళ్లు. పోనీలే, మనకెందుకు అనుకుంటాం. నలుగురితో నారాయణ!

కాని లెక్క చూపమనడం అనుమానించడం కాదు. లెక్క చూపించడం వల్ల ఎక్కువ మేలు జరిగేది నిజాయితీగా పనిచేసే సెక్రటరీకే. పాపం, ఆయనకు జీతం లేదు. అర్ధరాత్రి మోటారు కాలిపోతే లేచి పరుగెత్తేది ఆయనే. మెయింటెనెన్సు ఎగ్గొట్టే వాళ్ల చేత మాటలు పడేదీ ఆయనే. పద్దులు నోటీసు బోర్డు మీద ఉంటే ఆయన వెనక గుసగుసలుండవు. పద్దు దాచిన చోటే పుకారు పుడుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. మన పక్కనున్న తమిళనాడులో, ఉత్తరమేరూరులో పదో శతాబ్దం నాటి చోళుల శాసనం ఉంది. ఊరి కమిటీలకు సభ్యులను ఎలా ఎంచాలో గోడ మీదే చెక్కించారు. తాటాకుల మీద పేర్లు రాసి, కుండలో వేసి, సభ అందరి ముందూ ఒక పిల్లవాడి చేత తీయించేవారు. అంతకు ముందు కమిటీలో పనిచేసి లెక్కలు అప్పజెప్పని వాడు మళ్లీ పనికిరాడు. వాడి దగ్గరి బంధువులూ పనికిరారు! వెయ్యేళ్ల క్రితం ఊరికి ఉన్న నియమం మన అయిదంతస్తుల భవనానికి లేకపోతే ఎలా?

అయితే ఆ కుండలో ఆడవాళ్ల పేర్లు లేవు. మరి ఇవాళ ఉన్నాయా? చాలా ఫ్లాట్లు రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఇల్లాలి పేరు మీదే ఉంటాయి. సభకు వెళ్లేది, సంతకం పెట్టేది, ఓటు వేసేది మాత్రం శ్రీవారు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొచ్చిందో, లిఫ్టు ఎన్నిసార్లు ఆగిందో, వాచ్‌మన్ భార్యకు నెల జీతం అందిందో లేదో తెలిసింది ఆవిడకే. ఒంటరిగా ఉండే పెద్దావిడ వచ్చి ప్రశ్న అడిగితే, "మీ అబ్బాయిని పంపండమ్మా, మాట్లాడతాం" అంటారు. ఆ ఇంటి ఓనరు ఆవిడేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

లెక్కలు మనకు రావు అనడానికి వీల్లేదు. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తరవాత నెల్లూరు జిల్లాలో ఊపందుకుని ఊరూరా అల్లుకున్న పొదుపు సంఘాలను చూడండి. పెద్ద చదువులు లేని ఆడవాళ్లు కూడా చాప మీద గుండ్రంగా కూర్చుని, ఎవరెంత కట్టారో, ఎవరికెంత అప్పిచ్చారో అందరి ముందూ చదివించుకుని, మినిట్స్ పుస్తకంలో సంతకాలో వేలిముద్రలో వేశారు. నమ్మకం లేక కాదు, నమ్మకం నిలవాలని. డిగ్రీలున్న మనకు అదేమంత కష్టం?

చట్టం కూడా మన వైపే ఉంది. చాలా అసోసియేషన్లు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటాయి. ఆ చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. తగాదా వస్తే మధ్యవర్తి దగ్గరకైనా, జిల్లా కోర్టుకైనా వెళ్లే హక్కు సభ్యులకుంది. కొత్త ఫ్లాట్లు కొనేవారికి 2016 నాటి రెరా చట్టం తోడుంది. సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పడేలా చూడాల్సిన బాధ్యత బిల్డరుదే. కాని గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఎన్నిక సవ్యంగా జరిగితే కోర్టు మెట్లు ఎక్కే పనే ఉండదు.

అందుకు కావలసినవి పెద్ద పనులేం కావు. ముందుగా బైలాస్ కాపీ ప్రతి ఇంటికీ ఇవ్వాలి. ఎవరికి ఓటుందో, ఫ్లాటుకొక ఓటా మరో పద్ధతా, కమిటీ గడువెంతో అందులోనే ఉంటుంది. ఓటర్ల జాబితా, బాకీదార్ల జాబితా ఎన్నికకు చాలినంత ముందే బోర్డు మీద పెట్టాలి. ఆఖరి నిమిషంలో "మీకు బాకీ ఉంది, ఓటు లేదు" అంటే అది నియమం కాదు, ఎత్తుగడ. పోటీలో లేని వ్యక్తి ఎవరైనా, ఏ రిటైర్డు టీచరమ్మో, ఎన్నిక నడిపించాలి. చీటీల మీద రహస్యంగా ఓటు వేయించి, అక్కడే అందరి ముందూ లెక్కపెట్టాలి.

అమెరికాలోనో దుబాయిలోనో ఉండే ఓనర్ల సంగతి మరొకటి. వాళ్ల సంతకాలున్న ఖాళీ కాగితాలు ఒకరి చేతిలో కట్టగా చేరితే ఎన్నిక అక్కడే అయిపోయినట్టు. ఎవరికి, ఏ సమావేశానికి అధికారం ఇస్తున్నారో ఆ కాగితంలో స్పష్టంగా ఉండాలి. ఒక మనిషి ఇన్నింటికి మించి తేకూడదని హద్దు పెట్టుకోవాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యం, పాత కమిటీ ఆడిట్ అయిన లెక్కలు, బ్యాంకు పాస్‌బుక్కు, రసీదు పుస్తకాలు సభలో అప్పజెప్పిన తరవాతే కొత్త ఎన్నిక. లెక్క ముందు, ఓటు తరవాత. ఈ వరస తప్పితే పాత అనుమానాలే కొత్త కమిటీ నెత్తిన పడతాయి.

మీ అపార్ట్‌మెంటులో ఈసారి సమావేశం నోటీసు వచ్చినప్పుడు, కాగితాల్లో పేరు మీదైతే మీరే వెళ్లండి. వంటవేళ పెడుతున్నారా? వేళ మార్చమని అడగండి. పక్కింటావిడను కూడా వెంట తీసుకెళ్లండి. కుర్చీలో నిమ్మళంగా కూర్చుని, నవ్వుతూనే, "నిరుటి లెక్కలు ఒకసారి చదువుతారా అండీ?" అనండి. వీలైతే ట్రెజరరుగా మీరే నామినేషన్ వేయండి. నెలాఖరుకు పది రూపాయలు ఎటుపోయాయో పట్టుకోగల మనకు ఆ పుస్తకం బరువేం కాదు.