బాలింత దాహానికి గడువెందుకు?

2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాగా, దేశం మొత్తం మీద 21.5 శాతమే. అవసరం లేని కోతల గురించి చర్చ ఎంతో కొంత జరుగుతూనే ఉంది గానీ, కోత అయిపోయాక బాలింత పడే దాహాన్ని పట్టించుకున్నవారు తక్కువ. గ్యాస్ పోయిందని రూఢి అయ్యేదాకా నోటికేమీ ఇవ్వకూడదన్న పాత కట్టడి ఇంకా అనేక వార్డుల్లో చెల్లుబాటవుతోంది. ఒకవైపు సెలైన్ ఎక్కుతూనే ఉంటుంది, మరోవైపు బాలింత పెదవులు ఎండి పొరలు లేస్తుంటే, పక్కన కూర్చున్న తల్లి తడి దూదితో వాటిని అద్దుతూ నర్సు ఎప్పుడు సరేనంటుందా అని ఎదురుచూస్తుంది.

ఈ కట్టడికి మొదట్లో కారణం లేకపోలేదు. ఒళ్లంతా తెలియకుండా మత్తు ఇచ్చిన రోజుల్లో, స్పృహ పూర్తిగా రాకముందే వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉండేది. పొట్ట కోసిన తర్వాత పేగులు కొంతకాలం కదలిక మానేస్తాయన్న భయం, అంటే వైద్యులు ఇలియస్ అని పిలిచే స్థితి గురించిన భయం, దానికి తోడైంది. ఇప్పుడు అత్యధిక సిజేరియన్లు వెన్నులో మత్తుమందు ఇచ్చి, నడుము కింది భాగం మొద్దుబారినా తల్లి మెలకువగా ఉండగానే చేస్తున్నారు. పైగా కోసేది గర్భాశయాన్నే తప్ప పేగులను కాదు. చుక్క నీరు తాగకపోయినా లాలాజలం, జఠరరసం కలిసి రోజుకు లీటరుకు పైగా కడుపులోకి చేరుతూనే ఉంటాయి, చిన్నపేగు కొద్ది గంటల్లోనే పనిలో పడి వాటిని పీల్చుకుంటుంది. అంత ద్రవాన్ని చక్కబెట్టుకునే పేగుకు అరగ్లాసు గోరువెచ్చని నీళ్లు భారమవుతాయన్న వాదన నిలవదు.

పరిశోధనలూ ఇదే చెబుతున్నాయి. ఒకే ప్రశ్నపై జరిగిన అధ్యయనాలన్నిటినీ వడగట్టి తూచే కోక్రేన్ సమీక్ష, చిక్కులు లేని సిజేరియన్ తర్వాత ద్రవాలు ఆపడానికి తగిన ఆధారం లేదని 2002లోనే తేల్చింది. ఆపరేషన్ల తర్వాత త్వరగా కోలుకునే పద్ధతులను రూపొందించే ఎరాస్ సొసైటీ 2019లో ఇంకా ముందుకు వెళ్లి, రెండు గంటల లోపే మామూలు ఆహారం పెట్టాలని సూచించింది.

ఆస్పత్రి కట్టడి సడలినా ఇంటి కట్టడి మిగులుతుంది. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయని, పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని పెద్దలు పడే ఆదుర్దాలో ప్రేమ ఉన్నా, చీము పట్టించేవి క్రిములే తప్ప నీళ్లు కావు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీరే కనుక పాలిచ్చే తల్లికి దాహం వేయడం సహజం.

మత్తు దిగకపోయినా, వాంతులు ఆగకపోయినా, పేగుకు గాయమైనా, రక్తస్రావం వల్ల మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి రావచ్చని అనుమానం ఉన్నా ఆగవలసిందే, ఎంతసేపన్నది డాక్టరే నిర్ణయించాలి. మిగిలిన తల్లులందరి విషయంలో మొదటి గుక్క ఏ గంటకో, నీళ్ల తర్వాత కొబ్బరినీళ్లో పలుచని గంజో ఎప్పుడివ్వాలో కేస్ షీట్‌లో రాసి, పక్కనున్న ఇంటివారికి అర్థమయ్యేలా చెప్పడం వైద్యుల బాధ్యత. అలా రాయని చోట నిలదీసి అడగడానికి బాలింతకూ, ఆమె తరఫువారికీ పూర్తి హక్కు ఉంది.